గోడకు ఇవతలి స్విచ్చి

“ఆగండి! లోపలి గోడ చెక్కొద్దు… మీకు దండం పెడతా!”

అబిగయీలమ్మ కేకకు, తొమ్మిదేళ్లుగా దీపం లేని స్నానాలగదిలో కొత్తగా వైరింగు చేసే మనిషి ఉలి అలాగే ఆపేశాడు. వంటింట్లోంచి కోడలు ఏంజెలిన్ పరుగెత్తుకొచ్చింది.

“ఏంది అత్తమ్మా, అట్ట అరిస్తిరి? నా గుండె జారిపోయింది!”

“స్విచ్చి బయట పెట్టించమ్మా…”

“బయట పెడితే మీ కొడుకు రొయ్యల గుంట కాడ నుంచి వచ్చి, ఆ బురద చేతుల్తో నా గోడంతా అచ్చులేస్తాడు! మొన్ననే గదా రంగు లేయించింది? లోపలైతే టైల్సు. చెంబెడు నీళ్లు కొడితే పోతుంది.”

అవే మాటలు! పదకొండేళ్ల కిందట ఇదే గుమ్మం ముందు నిలబడి, తన తమ్ముడు బెన్హర్‌తో తాను అన్న మాటలే ఇవి…

ఆ రోజు వాడు ఎంత బతిమాలాడు! ఇందుకూరుపేట చుట్టుపక్కల పదూళ్లకు వైరింగు చేసిన చెయ్యి వాడిది. “అక్కా, బావ రొయ్యల గుంట ఉప్పునీళ్లలో తడిసి వస్తాడు. ఆ చేతుల్తో నొక్కితే నీళ్లు బోర్డులోకి దిగుతాయి. ఈ సముద్రపు గాలికి స్క్రూలు ఆర్నెల్లకే తుప్పు పడతా ఉండాయి. బయట పెడతా, కింద తుడుచుకునేదానికి ఒక తువ్వాల తగిలించు” అన్నాడు. విన్నదా తను? “నా ఇల్లు, నా గోడ! దాని మీద బురద అచ్చులు పడనియ్యను. చెప్పినట్టు పెట్టు. లేకుంటే మళ్లీ ఈ గడప తొక్కొద్దు!” అంది. అక్క అలిగితే తట్టుకోలేని పిచ్చివాడు… తల వంచుకుని లోపలే బిగించాడు.

ఒంటిమీది ఉప్పు కడుక్కోకుండా ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదన్నది కూడా ఆమె పెట్టిన కట్టుబాటే. భర్త క్రీస్తురాజు రెండు చేతులూ పైకెత్తి, పోలీసులకు దొరికిన దొంగలా నవ్వుతూ నేరుగా స్నానాలగదిలోకి పోయేవాడు. రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం కూనిరాగం తీస్తూ లోపలికి వెళ్లాడు… పాట సగంలో ఆగిపోయింది. చరణం మరిచిపోయాడేమో అనుకుంది ఆమె! తలుపు తోసేసరికి అంతా అయిపోయింది.

సమాధి దగ్గర ఎవరో అన్నారు, “బావమరిది సరిగ్గా బిగించని స్విచ్చే ప్రాణం తీసింది” అని. బెన్హర్ తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత ఒక్కసారి అక్క వంక చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని తల తిప్పుకుంది! వాడు చేతులు వెనక్కి కట్టుకుని గుంపులోంచి వెళ్లిపోయాడు. ఆ ఊళ్లలో వాణ్ణి మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. కోట అనే ఊరికి వెళ్లి ఏదో కొట్లో సామాన్లు తూస్తున్నాడని మాత్రం తెలిసింది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన కొడుకు ప్రవీణ్ ముందు ఆమె అంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ నేల వంకే చూసింది.

“అమ్మా! మామను నా పెళ్లిక్కూడా పిలవనీయలేదే నేను!… కనిపిస్తే మొహం తిప్పుకుని పోయినానే!” కంచం పక్కకు జరిపి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, “మామ నంబరుందా?” అని మాత్రం అడిగాడు.

ఉంది. బైబిలు వెనక అట్ట మీద రాసుకుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ కలపలేదు…

ప్రవీణ్ ఫోను చేస్తే, మర్నాడు పొద్దున్నే బెన్హర్ వచ్చాడు. భుజాన అదే పనిముట్ల సంచి. తల మాత్రం ముగ్గుబుట్ట. అబిగయీలమ్మ వాడి కాళ్ల మీద పడబోతే రెండు రెక్కలూ పట్టుకుని ఆపాడు.

“ఒక్క మాట… ఒక్క మాట చెప్పి ఉండకూడదంట్రా, అక్క పట్టుబట్టింది అని!”

“చెప్తే? బావ పోయినాక నీకు మిగిలింది ఈ పిల్లోడే. వీడు గూడా నిన్ను చీదరించుకుంటే ఏం చేస్తావు? నీ గోడను కావిలించుకోని కూర్చుంటావా?” నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “అయినా తప్పంతా నీదే ఎట్లయిద్ది అక్కా? నీకు తెలీదు. నాకు తెలుసు! తెలిసి బిగించినోణ్ణి నేను గదా…”

ఆమె వాడి భుజం మీది సంచి అందుకుని స్నానాలగది గుమ్మం దగ్గర పెట్టింది.

సాయంత్రానికి స్విచ్చి గుమ్మానికి బయట, తడి తగలనంత దూరంలో నిలిచింది. ఎర్తు తీగ కొత్తది దిగింది. ఎక్కడ కరెంటు లీకైనా ఇల్లంతటికీ సరఫరా ఆపేసే పరికరం మీటరు పక్కన చేరింది. బోర్డు కింద మేకుకు తన కొత్త తువ్వాలను ఏంజెలిన్ తానే తగిలించింది.

ప్రవీణ్ గుంట దగ్గర నుంచి వచ్చాడు. “ముందు తుడుచుకో అబ్బయా” అన్నాడు బెన్హర్. వాడు తుడుచుకుని స్విచ్చి వేసి లోపలికి వెళ్లాడు. గోరు సందున మిగిలిన బురద, తెల్లటి గోడ మీద సన్నటి చారగా అంటుకుంది. ఏంజెలిన్ గుడ్డ తీసుకుని గోడ దాకా వచ్చింది… అత్తగారి మొహం చూసి, మెల్లగా వెనక్కి వెళ్లిపోయింది.

లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. అబిగయీలమ్మ ఆ చార పక్కన గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. అవతల చెంబు చప్పుడు ఆగి, కొడుకు దగ్గుతూ తలుపు తీసేదాకా… అక్కణ్ణుంచి కదల్లేదు.