లెమ్మని చెప్పేదాకా

నేర కథలు రాసేవాడి బతుకు చదివేవాళ్లు అనుకున్నంత చీకటిది కాదు. ఉదయం ప్రూఫులు దిద్దడం, మధ్యాహ్నం ప్రచురణకర్త ఫోనుకు ఏదో ఒక జవాబు చెప్పుకోవడం, సెలవు రోజుల్లో ఏదైనా ఊళ్లో నలుగురి ముందు ఒక అధ్యాయం చదివి, టీ తాగి నల్లగొండకు తిరిగి రావడం. ఇందులో భయపడవలసిందేమీ లేదని చాలాకాలం నమ్మాను.

నాకు ఒక్కటే వింత అలవాటు. నవల మొదలుపెట్టే ముందు ఇంట్లో నేల మీద బియ్యప్పిండి చల్లి, అందులో శవంలా పడుకుంటాను. పోయినవాడికి చివరగా ఏమి కనిపించి ఉంటుందో, చంపినవాడి అడుగు ఎక్కడ పడి ఉంటుందో నిలబడి ఊహించడం నాకు చేతకాదు. ఈ పిండి నా సొంత ఆలోచన కాదు. మా వైపు మనిషి ప్రాణం విడిచిన చోట పలుచగా పిండి చల్లి, దీపం పెట్టి, తెల్లారి దాని మీద అడుగు పడిందేమో చూస్తారు. "అడుగు చూడంగనే పిండి ఎత్తాలె, లేకుంటే పోయినోళ్లు మళ్లొచ్చే తొవ్వ తెరిచే ఉంటది" అనేది మా అవ్వ. ఒక ఆచారాన్ని పనిముట్టుగా మార్చుకున్నానని లోలోపల నాకు కొంత గర్వం కూడా ఉండేది.

పోయిన వానాకాలం దేవరకొండ గ్రంథాలయంలో కథలు రాయడం నేర్పడానికి వెళ్లాను. పిలిచింది అక్కడి గ్రంథాలయాధికారి ఖైసర్. తరగతిలో ఫోన్లు ఉండకూడదన్నది నా నియమం కనుక, అతను అందరి ఫోన్లూ తన గదిలో పెట్టించాడు. వచ్చినవాళ్లలో మనీష అనే డిగ్రీ అమ్మాయి ఉంది. నోటికి విరామం లేని పిల్ల. ఆమె తల్లి యాదమ్మ రోజంతా గడప బయట కూర్చునే ఉంది.

"గింత పెద్ద పిల్లకు కావలి ఎందుకమ్మా?" అని అడిగాను.

"ఇద్దరుండిరి సార్. గిది ఒక్కతే మిగిలింది" అంది యాదమ్మ. "పెద్దది నిహారిక. నిరుడు జ్వరమొచ్చి పట్నం దవాఖానల పోయింది. బయట పోయినోళ్లను ఇంట్లకు తేవద్దని ఊరవతల నుంచే కాటికి తీస్కపోయిండ్రు."

సాయంత్రం పూట పాదముద్రల గురించి పాఠం. పిండి పొట్లం విప్పి గడప దాకా నేల మీద చల్లాను. మనీషను ఒక అడుగు వేయమన్నాను. మధ్యలో లోతైన వంపుతో సన్నటి పాదం, చెక్కినట్టుగా పడింది.

"ఇప్పుడు శవం కావాలి" అన్నాను.

"నేనుంట సార్!" మనీష అప్పటికే పడుకుంది.

"సార్, శవానికి చాయ్ ఇస్తరా?" అన్నాడు వెనక నుంచి శివకుమార్ అనే కుర్రాడు.

"నీకు దినాల భోజనం పెడతరు తియ్యి, నోర్మూసుకో" అని పడుకునే బదులిచ్చింది మనీష. అందరూ నవ్వారు.

యాదమ్మ నవ్వలేదు. గడప పట్టుకుని లేచి నిలబడింది. "సార్... పిండి చల్లకుండ్రి. నా పెద్ద బిడ్డకు చల్లలే. చల్లనీకి అది ఇంట్ల పోలే."

"ఇది పాఠం మాత్రమే యాదమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆమె చెప్పిన మాటను ఎప్పుడో ఒక నవలలో వాడుకోవచ్చునని కూడా అనుకున్నాను. మనీష శరీరం చుట్టూ పిండితో గీత గీసి, చెప్పాను: "నేను లెమ్మని చెప్పేదాక లెవ్వద్దు."

అప్పుడే కరెంటు పోయింది.

కిటికీ అవతల కోట గుట్ట వానలో కలిసిపోయింది. ఫోన్లు తెస్తానని ఖైసర్ తడుముకుంటూ వెళ్లాడు. తడిసిన పుస్తకాల ముక్కిన వాసన. దాని కింద మరొకటి, దవాఖాన వరండాల్లో వచ్చే మందు వాసన. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పిండి మీద నడిస్తే చప్పుడు రాదు. నాకు మాత్రం వినిపించింది... ఎండిన పత్తి కాయ మెల్లగా నలిగినట్టు. ఒకసారి. ఆగి, మరొకసారి.

"మనీషా, కదలకు. గీత చెరిగిపోతది."

"కదల్తలేను సార్." గొంతు నేల మీది నుంచే వచ్చింది.

చప్పుడు అప్పటికి గడప దగ్గర ఉంది.

ఖైసర్ ఫోను వెలుతురు తెచ్చాడు. గీత లోపల ఎవరూ లేరు. మనీష గడప దగ్గర తల్లి చేతుల్లో ఉంది.

"శవం లేచింది సార్!" అని శివకుమార్ చప్పట్లు కొట్టాడు.

నేను నేలను చూస్తున్నాను. గీత నుంచి గడప దాకా అడుగులు. వంపు లేని, నిండు పాదాలు. పక్కనే మనీష ఇందాక వేసిన అడుగు, వంపుతో, అలాగే ఉంది. యాదమ్మ కూడా వంగి వాటిని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పిల్ల తల నిమిరి, "పోదాం పా బిడ్డా" అంది.

బస్సులు ఆగిపోయాయి కనుక వాళ్లను నా కారులో తీసుకెళ్లాను. పొద్దంతా వసపిట్టలా వాగిన పిల్ల దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి ముందు దిగి, చెప్పులు లేని కాళ్లతో లోపలికి నడిచి, మూలన దుప్పటి కప్పి ఉంచిన మంచం మీద పడుకుంది.

"గది మనీష మంచమా?" అని అడిగాను.

 యాదమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడవలసింది కాదు. "మీ పుణ్యాన అడుగు చూసిన సార్" అంది గుసగుసగా.

తిరిగి వస్తుంటే దారిలో తట్టింది. నేను లెమ్మని చెప్పనే లేదు.

ఖైసర్‌ను లేపి గ్రంథాలయం తాళం తీయించాను. "పిండే కద సాబ్, పొద్దుగాల ఊడుస్తుంటిమి" అని గొణుగుతూ అతను వరండాలో నిలబడ్డాడు. గుమ్మం పక్కన మనీష చెప్పులు అలాగే ఉన్నాయి. లోపల మందు వాసన పోయింది. నేను చీపురు తీసుకుని గీత దగ్గర వంగాను.

"సార్... ఇగ లెవ్వాల్నా?"

ఖాళీ గీత లోంచి. మనీష గొంతు. ఓపిగ్గా.

చీపురు కింద పెట్టాను.  "లే బిడ్డా" అన్నాను. "లే. ఇంటికి పోదువు."

ఏదీ కదల్లేదు. వాన ఆగిపోయింది. తర్వాత అదే గొంతు, చాలా చిన్నగా...

"ఇంట్ల అక్కున్నది గద సార్. నేనేడికి పోవాలె?"

వరండాలో నుంచి ఖైసర్ అడిగాడు: "ఎవరితోని మాట్లాడుతున్నరు సాబ్?"

నేను ఊడవలేదు. ఊడిస్తే మూసుకునే దారి ఎవరిదో నాకు తెలియలేదు. రాత్రంతా గుమ్మంలోనే కూర్చున్నాను. తెల్లవారాక చూస్తే, గీతలో తల ఉండే చోట, కళ్లకు ఇరువైపులా పిండి తడిసి ముద్దగా ఉంది. కప్పు ఎక్కడా కారలేదని ఖైసర్ నిచ్చెన వేసి చూసి మరీ చెప్పాడు.