ఊపిరి బిగబట్టిన గది

కోలారు పక్కన మా మెడికల్ కాలేజీ లైబ్రరీ కింద ఒక గది ఉంది. పొద్దుగూకినాక అందులోకి పోతే ఊపిరాడదని పేరు. అటెండర్ పిల్లప్ప ఒకసారి దిగి, రొమ్ము పట్టుకుని పైకొచ్చాడు. "లోపల ఎవురో ఉండారప్పా... శానామంది ఉండారు," అన్నాడు. మళ్ళీ దిగలేదు.

అక్కడున్నవి పాత ఎక్స్‌రే ఫిల్ములు. బంగారు గనులు మూతపడినాక కేజీఎఫ్‌లో చాంపియన్ రీఫ్స్ గని ఆసుపత్రి నుంచి లారీలో వచ్చాయి. అన్నీ గని పనివాళ్ళ ఊపిరితిత్తులే, రాతిదుమ్ము తిన్నవి. ఆ మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు.

ఇంక జరిగిన సంగతి. అనిరుద్ధ నోటి నుంచే విన్నాను.

అనిరుద్ధ మా అసిస్టెంట్ లైబ్రేరియన్. ముందున్న హెడ్ రిటైరైనప్పటి నుంచి ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు. దానికి దిండు కూడా కుట్టించుకున్నాడు. అంతలో చిత్ర మేడమ్ హెడ్‌గా ఆర్డరు పట్టుకుని కేజీఎఫ్ నుంచి దిగింది. ఆ దిండు తీసి మర్యాదగా అతని చేతికే ఇచ్చింది. ఆ రోజు నుంచి మనిషికి అన్నం సహించలేదు. ఆమె నవ్వినా కుళ్ళే, ప్రిన్సిపాల్ ఆమెను మెచ్చుకున్నా కుళ్ళే, ఆమెకు టీ వేడిగా వచ్చినా కుళ్ళే.

పైగా ఆమె ఆ కింది గదినే పట్టుకుంది. ఫిల్ములన్నీ కొత్త కవర్లలోకి మార్చి, విద్యార్థులకు తెరుస్తానంది. అది పూర్తయితే ఆమె ఇంక ఆ కుర్చీ వదలదు. ఎలాగైనా భయపెట్టి పంపించేయాలనుకున్నాడు.

ఒక రాత్రి ఆమె ఒక్కతే కింద కవర్లు మారుస్తోంది. అనిరుద్ధ వెనక తలుపు గుండా దూరి, స్విచ్ ఆపి, బీరువాల చాటున నిలబడ్డాడు. చీకటి... పాత ఫిల్ముల పులిసిన వాసన...

ఎక్స్‌రే తీసేవాళ్ళు అనే మాటనే గొంతు మార్చి అన్నాడు.

"ఊపిరి పీల్చు... బిగబట్టు..."

ఆమె కేక వేస్తుందని చూశాడు. వేయలేదు.

ఆ నిశ్శబ్దం మామూలుగా లేదు. పక్కనే పదిమంది కదలకుండా నిలబడితే మనకు తెలుస్తుంది చూడండి — అలా ఉంది. వెళ్ళిపోదామనుకున్నాడు. అప్పుడు తెలిసింది... తన ఊపిరి బయటికి రావడం లేదు. నోరు తెరిచాడు. రాలేదు. కళ్ళు బైర్లు కమ్మాయి.

చీకట్లో చిత్ర గొంతు వినిపించింది. పసిపిల్లలతో మాట్లాడినట్టు, మెల్లగా —

"ఎవురో ఊపిరి పట్టుకోమని చెప్పి, వదలమనకుండానే పోయినారు కదా... ఇంగ వదలండప్పా. అందరూ వదలండి."

గది మొత్తం ఊపిరి వదిలింది.

అరల మీది కవర్లన్నీ ఒక్కసారి రెపరెపలాడాయి. వెచ్చటి గాలి అతని మొహానికి కొట్టింది... ముందు నుంచి, పక్కల నుంచి, వెనక ఉత్త గోడ నుంచి కూడా. అతనికి మాత్రం ఇంకా ఆడలేదు.

"మీరు కూడా, అనిరుద్ధ సార్," అంది చిత్ర.

అప్పుడొచ్చింది ఊపిరి. అక్కడే కూలబడ్డాడు.

ఆమె వచ్చి లైటు వేసింది. కోప్పడలేదు. "మా నాయన ఆ గని ఆసుపత్రి ఎక్స్‌రే రూములోనే పనిచేసినాడు సార్. బిగబట్టినప్పుడు తీస్తారు ఫోటో. వదిలిన ఊపిరికి ఫోటో యాడ ఉండాది?" అని మళ్ళీ కవర్ల పనిలో పడింది.

ఇదంతా విని, "బాగా భయపడినట్టుండావే," అన్నాను.

"భయం కాదు గోపాలప్పా," అన్నాడు, ఒళ్ళోని దిండు నలుపుతూ. "ఇన్నేండ్లు ఆ గది బీగాలు నా చేతిలోనే ఉండె. ఆ పొద్దు చీకట్లో వదలండప్పా అని నేనూ మనసులో అడుక్కుంటినే... ఒక్కడూ వినలేదు. చచ్చినోళ్ళకు కూడా హెడ్డు ఆమేనంట."