ఉతికితే పోని నలుపు

కోడలి చేతుల్లోంచి తడిబట్ట జారి బురదలో పడింది! అప్పుడే రంగు పట్టి, పసుపుపచ్చగా మెరుస్తూ, మర్నాడు బేరగాడికి అప్పజెప్పవలసిన బట్ట... తొట్టెల దగ్గరి పనివాళ్లంతా చేతులాపి చూశారు. అత్తగారు గుమ్మం దిగి వచ్చి బట్ట వంక చూడలేదు, కోడలి వంక చూసింది. ఆ చూపుకే ఆమె సగం చచ్చిపోయింది.

రంగుల కార్ఖానా, ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. మామగారు పోయాక రెండూ అత్తగారి గుప్పిట్లోనే నడుస్తున్నాయి. కాపురానికి వచ్చిన నాటినుంచీ కోడలి బట్టలకు చంకల్లో నల్లమరకలు, చెవిదొప్పల్లో నీలిఛాయ. ఇంకో ఇంట్లో అయితే ఇదేమి జబ్బో అనుకునేవారు. రంగులవాళ్ల ఇంట్లో మరక కనబడితే ఎవరేమనుకుంటారు? తొట్టెల దగ్గర ఒంటికి రంగు అంటకుండా పనిచేయడం చేతకాదనుకున్నారు! చుట్టాలొస్తున్నారంటే చాలు, అత్తగారు తడితువ్వాలు పట్టుకుని ఆ చెవులు రుద్దేది. అవి ఎర్రబడేవిగాని తెల్లబడేవి కావు. భుజం పీకుతోందంటే బద్ధకమన్నారు. చివరికి ఆ కుడిచెయ్యి తన తలదాకా కూడా లేవని రోజు వచ్చింది. కన్నీళ్లొస్తే ఎడంచేత్తో తుడుచుకునేది.

బట్ట పాడైన మర్నాడు భర్త ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వెనకాలే అత్తగారు. ఎముకల డాక్టరు భుజం సంగతి అడగకముందే చెవి చూశాడు. దూదిని స్పిరిట్లో ముంచి గట్టిగా తుడిచాడు. దూది తెల్లగానే ఉంది.

ఇది పైనుంచి అంటిన రంగు కాదన్నాడు. పరీక్షలన్నీ అయ్యాక విడమరిచి చెప్పాడు. తిన్నదాంట్లో ఒక పదార్థాన్ని ఈమె ఒళ్లు పూర్తిగా అరిగించుకోలేదట. అది నల్లబడి చెవుల్లో, కీళ్లలో పేరుకుంటుందట, చెమటతో బట్టలకూ దిగుతుందట. పుట్టుకతో వచ్చింది, ఎక్కడో ఒకరికి వస్తుంది. భుజం కీలు పూర్తిగా పాడైంది, తీసేసి లోహపు కీలు పెట్టాలి.

భర్త ఒప్పుకోలేదు. కోత మాటెందుకు, పని మాన్పించి ఇలాగే సర్దుకుపోదామన్నాడు. ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి, ఆమె తలెత్తింది.

"సర్దుకున్నది చాలండీ. చెయ్యి నాది. వేయించుకుంటాను."

ఆపరేషన్ అయ్యాక డాక్టరు బయటికొచ్చి, తీసిన కీలు బొగ్గులా ఉందన్నాడు. అత్తగారు డాక్టరు ముందుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బట్టలకు నలుపు వేస్తున్న మనిషి...

"ఎంత నానబెట్టినా మా తొట్టెల్లో అంత నలుపు దిగదు డాక్టరుగారూ. అంతా లోపల పెట్టుకుని నా తడిబట్టలు మోసింది నా కోడలు."

ఆ మాట నర్సుకు చెప్పింది, పక్కమంచం వాళ్లకు చెప్పింది, చివరికి నేల తుడిచే ఆవిణ్ణి కూడా ఆపి చెప్పింది. మంచంమీద కళ్లు మూసుకున్న కోడలికి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. నొప్పిలోనూ ఆమె పెదవులు విచ్చుకున్నాయి.

ఇంటికొచ్చాక అసలు యాతన మొదలైంది. కసరత్తు నేర్పే అమ్మాయి వచ్చిందంటే కోడలు పక్కింటికి వినబడేలా మూలిగేది. అయినా ఒక్కనాడూ రేపు చేస్తానని అనలేదు.

చూడడానికి వచ్చిన ఆడపడుచు తల్లి దగ్గర కూర్చుని నిట్టూర్చింది. బరువులెత్తకూడదన్నారటగా, ఇంత కోత కోయించుకుని ఆ చెయ్యి ఇంకెందుకూ అని.

"బరువులకు నీ తమ్ముడు లేడూ? దుక్కలా మేపాను, ఎత్తనీ," అంది తల్లి.

లోపలిగదిలో అద్దం ముందు కోడలు ఇదంతా వింది. పళ్లు బిగించి చెయ్యెత్తింది. భుజం దాటింది... చెవి దాటింది... వేళ్లకు తన జుట్టు తగిలింది! రెండు చేతులూ వెనక్కి పెట్టి, చెమటలు కక్కుతూ, తన కొప్పు తానే చుట్టుకుని బయటికొచ్చింది.

ఆడపడుచు నోరు తెరిచింది. అత్తగారు కోడలి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"కొప్పు వంకరగా ఉంది."

"ఉండనివ్వండి అత్తయ్యా. నేనే వేసుకున్నాను."

"వంకరగా ఉందన్నానుగాని విప్పమన్నానా?" అంటూ ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "పద, కార్ఖానాలోకి. అందరూ చూడొద్దూ!"

కోడలు ముందు నడిచింది. అత్తగారు కావాలనే ఒక అడుగు వెనకబడింది, ఆ కొప్పుకి అడ్డం రాకుండా.