ముప్పై ఆరు పండ్లకు ఇరవై నాలుగు

ఆ ఉదయం సిరిసిల్లలో సాంబయ్య ఇంటి ముందు వీధి పొడవునా పడుగు నూలు సాచి గంజి పెడుతున్నారు. ఒంటిచక్రం సైకిల్‌తో సహా దేవదాస్ వచ్చి దాని మీదే పడ్డాడు.

సాంబయ్య కూతురు నర్మద పడ్డవాణ్ణి వదిలేసి పోగులు చూసుకుంది. పదకొండు తెగాయి.

"కండ్లున్నయా నీకు?"

"కండ్లున్నయ్. బ్రేకే లేదు."

దేవదాస్ ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మిస్త్రీ. ఆ బండి అతని సొంత తయారీ. పైన పెడళ్లు, కింద చక్రం, రెండుచోట్లా పండ్ల బిళ్లలు, వాటి మధ్య చెయిను.

కరీంనగర్‌లో పీయూసీ చదివొచ్చిన నర్మదకు ఆ చెయిను చూడగానే కోపం రెట్టింపయింది.

"పైన ఎన్ని పండ్లు?"

"ముప్పై ఆరు. కింద పద్దెనిమిది."

"ఒక్కసారి తొక్కితే చక్రం రెండు చుట్లా! ఎవడు చెప్పిండు గీ లెక్క?"

"సాంచాల గట్లనే ఉంటది గదా. ఒక ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఇంకోటి ఒక్క చుట్టు."

"సాంచాను నేలకు బోల్టులేసి బిగిస్తరయ్యా! నిన్నెవరు బిగించిండ్రు? కింద ఇరవై నాలుగు పండ్లది పెట్టు. తొక్కుకు చుట్టున్నర. అప్పుడే చక్రం కాలి మాట వింటది."

"సమానం పెడితే?"

"ఇగ బండెందుకు? నడిచే పో."

ఆ వారమంతా సాంబయ్య బజారుకు పోగానే ఆ ఇంటి సాంచాకు ఏదో ఒక రోగం వచ్చేది. దేవదాస్ వచ్చేవాడు. సాంచా ఊరికే ఉండేది, ఇద్దరూ పండ్లు లెక్కపెట్టేవారు.

ఆదివారం అతను వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పడకుండా తొక్కాడు.

"దేవదాస్ లెక్కంటే లెక్క!" అంది ఎదురింటి యాదవ్వ అరుగు మీద నుంచి. అతను నవ్వి ఊరుకున్నాడు.

నర్మద వీధి మధ్యకొచ్చి అడ్డంగా నిలబడింది. "లెక్క ఎవరిదో చెప్పవేంది?"

అతను కిందికి దూకాడు. "జర మెల్లగ నర్మదా. ఇద్దరు ఎప్పుడు కూసోని లెక్కపెట్టిండ్రని మీ బాపు అడుగడా? జవాబు దొరుకలే."

"నీకు జవాబు దొరికేదాంక నా లెక్క నీదైతదా?"

"అడుగుతున్న," అన్నాడు సాంబయ్య వెనకనుంచి. "ఎప్పుడు కూసున్నరు?"

దేవదాస్ అతనివైపు తిరిగాడు. "గురువారం మా అవ్వను తీస్కొస్త మామా."

"నిన్నటిదాంక కాకా అన్నవ్, గిప్పుడు మామనా!" అన్నాడు సాంబయ్య.

వీధి వీధంతా పని ఆపి చూసింది. నర్మద మాత్రం ఆగలేదు.

"నన్నడుగకుండనే మామా అంటవా? ముందు లెక్క ఎవరిదో ఊరందరికి చెప్పు. తర్వాత అవ్వ సంగతి."

అతను బండెక్కాడు. "లెక్క నర్మదది! చుట్టున్నర నర్మదది!"

"పీయూసీ ఫస్టు క్లాసని గూడ చెప్పు!"

అదీ చెప్పాడు. వీధి మలుపు తిరిగినా గొంతు తగ్గలేదు.

"ఏమనాలె బిడ్డా, వాళ్ల అవ్వతోని?" అన్నాడు సాంబయ్య.

నర్మద చెవులు రిక్కించింది. పక్క వీధిలోనూ తన పేరు వినిపించాక, ఇంకా మొహం ముడుచుకునే అంది:

"రమ్మను."