ఆరు ఆఠీన్లు

"కుడి చెవి బొత్తిగా వినపడటం లేదండీ."

"ఎడమది వింటే చాలు. లోపలికి రండి."

చెవిటి మెషిన్లు అమ్మే ఆ దుకాణానికి ఆరేళ్లలో ఒక్క చెవిటివాడూ వచ్చిన పాపాన పోలేదు. వచ్చేవాళ్లంతా ఈ మాటే అని, ఈ జవాబే విని, అద్దాల బీరువా వెనక తలుపు తోసుకుని లోపలికి పోతారు. ఇప్పుడు లోపలికి పోయిన మనిషిని ఈ గూఢచారుల డిపార్ట్‌మెంట్‌లో తాబేలు అంటారు. గురి తప్పడు, భయమన్నది ఎరగడు. కానీ ఏదైనా తేల్చి చెప్పమంటే మాత్రం నీళ్లు నములుతాడు.

చీఫ్ అతని మాజీ భార్యకు సొంత అన్న. విడాకులై నాలుగేళ్లయినా ఆయన "బావా" అనడం మానలేదు. ఇతను "సార్" అనడమూ మానలేదు.

"కూర్చో బావా. ఆదివారం బ్రిడ్జ్ ఫైనల్ ఆడాలి. నీ పార్ట్‌నర్ మా చెల్లెలు."

"ఇంకెవరూ దొరకలేదా సార్?"

"దొరికితే నిన్ను పిలుస్తానా? ఓ విదేశీ ముఠా మాస్టార్ని లేపేయబోతోంది."

తాబేలు కూర్చున్నాడు. మాస్టారంటే డిపార్ట్‌మెంట్ కోడ్లన్నీ అల్లిన లెక్కల మాస్టారు. డెబ్భై ఎనిమిదేళ్లు. వాళ్లిద్దరికీ బ్రిడ్జ్ నేర్పిందీ ఆయనే, వాళ్ల పెళ్లికి పెద్దగా నిలబడిందీ ఆయనే.

"ఆదివారం ఆయన కిటికీ పక్కన కూర్చుని మీ ఆట లైవ్‌లో చూస్తాడు," అన్నాడు చీఫ్. "ఎదురుగా ఏదో మేడమీద తుపాకీవాడు కూడా అదే లైవ్ చూస్తుంటాడు. టీ విరామం తర్వాత పదిహేనో బోర్డు, అంటే పదిహేనో పంపకం. వేలంపాట చివరికి ఇస్పేట్లలో ఆగిందా, కాలుస్తాడు. ఇంకెందులో ఆగినా సర్దుకుని పోతాడు. ఫోన్ లేదు, చీటీ లేదు."

"ఇస్పేట్లు పాడేది?"

"మీకు ఎదురు ఆడే జంట. డాక్టర్, బట్టతల. ఇద్దరూ ముఠా మనుషులే. టీ విరామంలో ముక్కలు పేర్చేస్తారు: వాళ్లకి ఇస్పేట్లు, మీకు ఆఠీన్లు."

"ముందే అరెస్ట్ చేస్తే పోదా?"

"ఆట ఆగినా కాల్చమని ఆర్డర్. అనుమానం వస్తే డాక్టర్ టేబుల్ మీద కాఫీ ఒలకబోస్తాడు. ఆట ఆగుతుంది, మాస్టారు పోతాడు."

"పోనీ మాస్టారికి చెబితే?"

"చెబితే కిటికీ దగ్గర కూర్చుంటాడా? ఆయన కూర్చోకపోతే తుపాకీవాడు బయటికెలా వస్తాడు?"

ముసలాయన్ని ఎరగా కట్టేసి, ఆ సంగతి ఆయనకే చెప్పకుండా దాచారు. దీన్ని ఈ ఆఫీసులో ప్లానింగ్ అంటారు.

"ఇదంతా చెప్పిందెవరు సార్?"

"మా చెల్లెలే. అది తమ మనిషేనని ముఠా నమ్మకం. పాట ఇస్పేట్లలో ఆగేలా చూడటం అక్కడ దాని డ్యూటీ. అంచేత ఇస్పేట్లు వచ్చాక అది నోరు విప్పడానికి లేదు. పైకి పాడాల్సింది నువ్వే."

"ఆమె నిజంగా ఎవరి మనిషి?"

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది అబద్ధం చెప్పి ఉంటే, కోడ్ ఇస్పేట్లు కాదు, ఆఠీన్లు అన్నమాట. అప్పుడు నువ్వు ఆఠీన్లు పాడితేనే మాస్టారు పోతాడు."

"మీరు నమ్ముతున్నారా?"

"నాదేముంది బావా? నీ ఇష్టం."

ఆ మాట తాబేలుకి పాత చుట్టమే. నాలుగేళ్ల కిందట ఓ గోడ అవతల డిపార్ట్‌మెంట్ రహస్య కాగితాలు మోసే కొరియర్ చిక్కుకుపోయాడు. ఇవతల జీపులో ఆమె. ఆగాలా, పోవాలా అని వైర్‌లెస్‌లో అడిగింది. "నీ ఇష్టం," అన్నాడు తాబేలు. ఆమె పోయింది. కొరియర్ చచ్చిపోయాడు. 'నిర్ణయం ఆమెది' అని రిపోర్ట్‌లో రాసి తాబేలు సంతకం పెట్టాడు. అందులో అబద్ధమేమీ లేదు. ముందు ఆమె ఉద్యోగం పోయింది, తర్వాత కాపురం పోయింది.

చీఫ్ ఓ చెవిటి మెషిన్ అతని చేతిలో పెట్టాడు. "చెవుడొచ్చి రిటైరయ్యావని ముఠాకి కబురు చేర్చాం. తుపాకీవాడు దొరికితే ఇందులో ఒక్క బీప్. మాస్టారు పోతే ఆపకుండా మోగుతుంది."

* * *

ఆదివారం, సాయంత్రం నాలుగు. హోటల్ హాల్లో తివాచీ తడి వాసన. టేబుల్ పైన కెమెరా, గోడకి పెద్ద స్క్రీన్. ఎదురు కుర్చీలో ఆమె. ముదురెరుపు గౌను, ముత్యాల కమ్మలు. హాల్లో సగం మంది పేకని వదిలేసి ఆమెనే చూస్తున్నారు.

"మెషిన్ నప్పింది," అంది.

"థ్యాంక్స్."

"ఇంతకుముందు నా మాట వినకపోవడానికి నీకు చెవుడు కూడా అక్కర్లేకపోయేది."

కాపురంలో ఉన్నన్నాళ్లూ 'మీరు' అనేది. విడాకుల కాగితంతో పాటు ఈ 'నువ్వు' వచ్చింది.

పదిహేనో బోర్డు. బ్రిడ్జ్‌లో ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జత. ఆటకి ముందు వేలంపాట, నోటితో కాదు, కార్డులు పెట్టి. ఎవరు పెద్ద అంకె పాడితే వాళ్ల రంగు నిలుస్తుంది; అంకె ఒకటే అయితే ఆఠీన్ల మీద ఇస్పేట్లది పైచేయి. డబుల్ అంటే, 'ఆడండి చూద్దాం, ఓడితే నష్టం రెట్టింపు' అని. ఇక పాస్ సంగతి. బలం మనవైపుండగా ఎదుటివాళ్లు ఎగబడి పాడినప్పుడు పార్ట్‌నర్ పాస్ అంటే ఊరుకున్నట్టు కాదు. 'తేల్చాల్సింది నువ్వు. డబుల్ అయినా అను, పైకైనా పాడు' అని. మాస్టారు దీనికి 'పెళ్లాం మౌనం' అని పేరు పెట్టారు.

ఆమె ఒక ఆఠీను పాడింది. బట్టతల ఒక ఇస్పేటు. తాబేలు బలంగా నాలుగు ఆఠీన్లకి లేపాడు. డాక్టర్ ఏ రోగినీ ముట్టుకోని ఆ తెల్లటి వేళ్లతో నాలుగు ఇస్పేట్లు పెట్టాడు.

ఆమె ఆకుపచ్చ పాస్ కార్డు పెట్టింది. బట్టతల కూడా పాస్.

తాబేలు చేతిలో ఇస్పేటు రాజు, పక్క రంగుల్లో రెండు ఆసులు. పేక తెలిసినవాడెవడైనా కళ్లు మూసుకుని ఎర్రకార్డు తీసి డబుల్ అంటాడు. కానీ డబుల్ అంటే పాట ఇస్పేట్లలో ఆగిపోతుంది. అతను ఐదు ఆఠీన్లు పెట్టాడు.

డాక్టర్ ఐదు ఇస్పేట్లు. ఆమె మళ్లీ పాస్. బట్టతల పాస్.

ఇప్పుడు ఆరు పాడటమంటే ఒట్టి పిచ్చి. తాబేలు మొహం ఎత్తి ఆమెని చూశాడు. ఏమీ కనపడలేదు. తొమ్మిదేళ్లు ఒకే మంచం మీద పడుకున్న మనిషి, ఎవరి మనిషో తెలియడం లేదు. ఒళ్లు మండింది, ఆమె మీదా, వాళ్లన్న మీదా, అందరికంటే ఎక్కువ తన మీద.

"పార్ట్‌నర్ ఏం పాడిందో కాదురా, ఏం పాడలేదో చూడు," అనేవారు మాస్టారు.

ఆమె రెండుసార్లు డబుల్ అనలేదు. ఇస్పేట్లే చావు అయి, ఆమె ముఠా మనిషే అయితే, తనే డబుల్ కొట్టి పాటని అక్కడే కట్టేసేది. కోడ్ ఆఠీన్లయితే డాక్టర్ ఐదు ఆఠీన్ల దగ్గర నోరు మూసుకునేవాడు. మూసుకోలేదు. ఒకవేళ అదీ నటనైతే? లెక్క అక్కడికే తేలింది. మిగిలింది నమ్మడమో, నమ్మకపోవడమో. ఆ పని ఇంకెవరికీ అప్పజెప్పడానికి లేదు.

టోర్నమెంట్ డైరెక్టర్ వచ్చి వాచీ చూపించాడు. "సార్, టైమవుతోంది."

తాబేలు ఆరు ఆఠీన్లు పెట్టాడు.

హాల్లో ఎవరో "అయ్యో!" అన్నారు. డాక్టర్ కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమచేయి కాఫీ కప్పు మీదికి పోయింది. కప్పు వంగుతోంది.

"చూశారా డాక్టర్‌గారూ?" ఆమె పకపకా నవ్వింది. "ఈయనగారితో తొమ్మిదేళ్లు కాపురం చేశాను. ఇప్పటికైనా నా మీద జాలిపడండి."

బట్టతల కూడా నవ్వేశాడు. డాక్టర్ కప్పు వదిలేసి తన ముక్కలు చూసుకున్నాడు. ఆఠీన్లలో రెండు పెద్ద ముక్కలు, పక్కన ఓ ఆసు. ఆరు ఇస్పేట్లు పాడితే ముఠా పని పూర్తవుతుంది. డబుల్ అంటే ఎనిమిదివందల పాయింట్లు, ట్రోఫీ, హాలంతా చప్పట్లు. చేయి ఆరు ఇస్పేట్ల దాకా వెళ్లి, అక్కడే కాసేపు తచ్చాడింది. పాపం, వాడు హంతకుడికంటే ముందు ఆటగాడు. ఎర్రకార్డు తీసి టపీమని పెట్టాడు.

"డబుల్."

పాస్. పాస్. పాస్.

స్క్రీన్ మీద పడింది: ఆరు ఆఠీన్లు, డబుల్. తాబేలు చెవిలో మాత్రం ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. తొంభై దాకా వచ్చాడు.

బీప్.

ఒక్కటే. తుపాకీ విప్పి సంచీలో సర్దుకుని దిగుతుండగా, మెట్లమీద దొరికాడట. తాబేలు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పోయిన ఆట కోసమేననుకుని బట్టతల ఓదార్చాడు. పాడినదానికి మూడు పట్లు తక్కువ, ఎనిమిదివందలు మైనస్, ట్రోఫీ గోవింద. కప్పు పుచ్చుకోవడానికి వేదిక ఎక్కబోతున్న డాక్టర్ని రెండో మెట్టు దగ్గర ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకున్నారు.

లిఫ్ట్ దగ్గర ఆమె ముత్యాల కమ్మలు తీసి పర్సులో వేసుకుంటోంది.

"నేను డబుల్ అంటాననుకున్నావా?" అడిగాడు.

"అనుకున్నా. రెండుసార్లూ."

"అయినా నాకే వదిలేశావే?"

"ఇంకో దారి లేదు కాబట్టి. నమ్మకమని సంబరపడకు." లిఫ్ట్ బటన్ నొక్కింది. "రిపోర్ట్‌లో ఏం రాస్తావు?"

"నిర్ణయం నాది అని."

"మనిషి బతికాక ఎవడైనా రాస్తాడు," అంది ఆమె. లిఫ్ట్ తలుపు మూసుకుంది.

జేబులో ఫోన్ మోగింది. మాస్టారు.

"ఒరేయ్! ఆరు ఆఠీన్లేమిట్రా, బుద్ధుందా? కిటికీ దగ్గర కూర్చుని మొదట్నించీ చూస్తున్నా. పరువు తీశారు కదరా! తప్పెవరిది? అమ్మాయిదా?"

తాబేలు మూసుకున్న లిఫ్ట్ తలుపు వైపు చూశాడు. నాలుగేళ్ల కిందట అనాల్సిన మాట ఇప్పుడు నోటికొచ్చింది. వినాల్సిన మనిషి వెళ్లిపోయింది.

"కాదు మాస్టారూ. నాదే."

"నీదే అయ్యుంటుంది! నీ చేతిలో ఇస్పేటు రాజుందిరా! అక్కడ డబుల్ అని ఉంటే ఏమయ్యేదో తెలుసా నీకు?"

"తెలుసు మాస్టారూ," అన్నాడు తాబేలు.