ఫ్యాన్ రెక్కల్లో ఎర్రమూట

“ఏసీలో గ్యాస్ నింపను భయ్యా” అంది మెకానిక్ స్నిగ్ధ, కారు ముందు నిలబడి.

సుహాస్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఢిల్లీ వచ్చిన ఆరేళ్ళలో ఏ మెకానిక్ నోటా వినని మాట అది.

“అదేంటండీ! రెండుసార్లు నింపించాను. రెండుసార్లూ మర్నాటికల్లా వేడిగాలే.”

“ఎక్కడ నింపించారు?”

“నోయిడాలో. ఆఫీసు దగ్గర.”

స్నిగ్ధకి చురుక్కుమంది. ఏప్రిల్‌లో సర్వీసింగ్‌కి వచ్చినవాడు, తర్వాత వైపర్ అన్నాడు, హారన్ అన్నాడు, ఏమీ లేకపోయినా ఏదో చప్పుడొస్తోందని రెండుసార్లు వచ్చాడు. నిజంగా చెడిపోయాక మాత్రం నోయిడా!

“చప్పుళ్ళకి ఇక్కడికొచ్చారుగా, దీనికొస్తే ఏమైంది?”

“ఇంకా వస్తే మీ నాన్నగారికి అనుమానం వస్తుందని...” గొంతు తగ్గించాడు.

కుర్చీలో కూర్చున్న హనుమయ్య పేపరు వెనక గట్టిగా దగ్గాడు. మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచీ ఆయన పని పేపరు చదవడం, దగ్గడం. ఇంటర్‌తో చదువాపేసి స్పానర్ పట్టుకున్నది కూతురే.

అప్పుడే కారు వెనక తలుపు తెరుచుకుంది. చెమటతో తడిసి ముద్దయిన ఒక పెద్దావిడ దిగింది.

“మా అమ్మ. అన్నపూర్ణేశ్వరి. తణుకు నుంచి వచ్చి పది రోజులైంది” అన్నాడు సుహాస్.

ఆవిడ షాపంతా కలియజూసి, స్నిగ్ధని పైనుంచి కిందిదాకా చూసింది. “ఒరేయ్, రోజూ ఫోన్లో స్నిగ్ధగారు స్నిగ్ధగారు అనేవాడివి... ఈ అమ్మాయేనా? మెకానిక్కా!”

స్నిగ్ధకి ఆ చూపు కొత్త కాదు. పోయినేడు ఇలాగే ఒక పెళ్ళికొడుకు తల్లి వచ్చి, ఈ చేతుల్ని చూసి, కాఫీ కూడా ముట్టకుండా లేచిపోయింది. గబగబా గుడ్డతో చేతులు తుడుచుకుంది. గ్రీజు ఎక్కడ పోతుంది?

“పరిగెడుతున్నప్పుడు చల్లగా వస్తోందా?” పనిలో పడింది.

“హైవే మీద ఫస్ట్‌క్లాస్. ఆనంద్ విహార్ సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం పొయ్యి ముందు కూర్చున్నట్టే.”

“అచ్ఛా. స్టార్ట్ చేసి ఏసీ వేయండి.”

బానెట్ ఎత్తింది. కంప్రెసర్ టక్కున పట్టుకుంది. మీటర్ తగిలించి చూస్తే గ్యాస్ నిండుగా ఉంది. లోపల మాత్రం వేడిగాలి. ఆమె బకెట్లోంచి మగ్గుడు నీళ్ళు తీసి కారు ముక్కు మీద చల్లింది.

“అమ్మాయ్! కారుకి స్నానమేంటి?” పెద్దావిడ కంగారుపడింది.

“ఇప్పుడు లోపల చెయ్యి పెట్టి చూడండి ఆంటీ.”

పెట్టింది. కళ్ళు ఇంతలేసి చేసుకుంది. “ఓరి నాయనో, చల్లగా వస్తోందిరా!”

“గ్యాస్‌ని చల్లార్చే జాలీకి గాలి తగలడం లేదు. బండి పరిగెడితే ఎదురుగాలి సరిపోతుంది. ఆగితే ఈ ఫ్యాన్ తిరగాలి. తిరగడం లేదు.”

ఇంజన్ ఆపించి, బ్యాటరీ వైరు పీకి, టార్చి వేసి చెయ్యి లోపలికి పోనిచ్చింది. రెక్కలకి ఏదో చుట్టుకుని ఉంది. మెల్లగా లాగింది.

ఎర్రగుడ్డ మూట. పసుపుతాడు. లోపల పటిక ముక్క, ఎండిన నిమ్మకాయ.

స్నిగ్ధ తలెత్తి చూసేసరికి ఎదురుగా పెద్దావిడ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఎవరు కట్టారో స్నిగ్ధకి అర్థమైపోయింది.

“ఏంటండీ అది?” సుహాస్ ఇటు వస్తున్నాడు.

ఆమె గుప్పిట మూసి జేబులో పెట్టేసింది. “ఏదో గుడ్డపీలిక భయ్యా.”

“గుడ్డా? బానెట్ లోపలికి ఎలా వచ్చింది?” నుదురు ముడిచాడు. “సర్వీసింగ్ మీరే కదా చేశారు... మీ షాపు గుడ్డేమో?”

హనుమయ్య పేపరు కిందపడింది. “మన గుడ్డా! నా షాపులో పాతికేళ్ళుగా...”

స్నిగ్ధ జేబులోని మూటని తడుముకుంది. నిజం చెబితే కొడుకు ముందు ఆ తల్లి పరువు పోతుంది. చెప్పకపోతే నాన్న షాపు పేరు పోతుంది, సుహాస్ మనసులో తన పేరూ పోతుంది.

“అయ్యుండొచ్చు” అంది తల వంచుకుని. “సారీ.”

“ఏంటి అయ్యుండేది!” పెద్దావిడ అరుపుకి అందరూ అదిరిపడ్డారు. “ఆ గుడ్డ నాది!”

“అమ్మా?”

“దిష్టి మూట కడతానంటే సొసైటీలో నవ్వుతారన్నావు కదా. నువ్వు బానెట్ ఎత్తిపెట్టి, వైపర్ డబ్బాలో పోయడానికి నీళ్ళకోసం పైన ఫ్లాట్‌కి వెళ్ళినప్పుడు లోపల కట్టేశాను. ఈ ఊరి ట్రాఫిక్‌లో నువ్వు బయల్దేరావంటే ఇల్లు చేరేదాకా నాకు ప్రాణం నిలవదురా. అది తెగి ఫ్యాన్లో పడుతుందని నాకేం తెలుసు?” చీరచెంగుతో కళ్ళొత్తుకుంది. “నా తప్పు ఈ పిల్ల నెత్తిన వేసుకుంటోంది, చూడు.”

సుహాస్ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. “స్నిగ్ధగారూ, నేను... ఛ!”

ఆవిడ వచ్చి స్నిగ్ధ చెయ్యి పట్టుకుంది. స్నిగ్ధ లాక్కోబోయింది. “గ్రీజు ఆంటీ...”

“ఉండనీ. నా చేతులకి మాత్రం పసుపు ఎప్పుడు వదిలింది?” వదల్లేదావిడ. “అన్నయ్యగారూ, ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. అమ్మాయిని తీసుకుని. మా వాడి కారుకి ఎందుకన్ని చప్పుళ్ళొస్తున్నాయో పెద్దవాళ్ళం కూర్చుని తేల్చాలి.”

హనుమయ్య మోకాలి నొప్పి మర్చిపోయి లేచి నిలబడ్డాడు. సుహాస్ చెవులు ఎర్రబడ్డాయి. స్నిగ్ధ చేతిలో టార్చి టపీమని కింద పడింది.

కాలిపోయిన ఫ్యాన్ ఫ్యూజు మార్చి, వైరు తగిలించి, ఏసీ వేసింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఆగి ఉన్న కారులోంచి చల్లటి గాలి ముఖానికి తగిలింది. పక్కనే సుహాస్ కూడా తల వంచి ఆ గాలికే ముఖం పెట్టాడు.

“క్షమించారా?”

“ఆదివారం చెబుతాను, భ...” ఆగిపోయింది.

“ఊఁ, చెప్పండి. ఎవరికి చెబుతారు?”

“సుహాస్‌గారికి” అంది, చల్లగాలి మీదినుంచి ముఖం తిప్పకుండానే.