మూడు రోజుల బ్యాటరీ

"మీ బ్యాటరీ మళ్లీ చచ్చింది!" అంటూ ఆమె బోర్డును నా టేబుల్ మీద ఠక్కున పెట్టింది. గొడుగులోంచి కారిన నీళ్లు నా కాగితాలన్నీ తడిపేశాయి.

ఆమె పనిచేసే మొక్కల నర్సరీలో నారుకి తేమ ఎంతుందో కొలిచి ఫోన్‌కి మెసేజ్ పంపే సర్క్యూట్ బోర్డు అది. అరచేయంత ఉంటుంది. ప్రోగ్రాం ఆమె రాసుకుంది. బ్యాటరీ నేను కట్టిచ్చాను. నాది నర్సరీ ఉన్న వీధిలోనే రిపేరు షాపు.

"రెండు గంటలు ఛార్జింగ్ పెట్టాలి. కూర్చోండి," అన్నాను.

కోపంగానే కూర్చుంది. కోపంలో ఇంకా బాగుంటుంది, ఏం చేయను!

నిజం చెప్పేస్తున్నాను. అందులో ఉన్నవి పాత లాప్‌టాప్‌లోంచి పీకిన సెల్స్. కొత్తవి డ్రాయర్లోనే ఉన్నాయి. అవి వేస్తే నెల దాకా ఆమె ముఖం కనబడదు. పాతవైతే వారానికోసారి వస్తుందని నా లెక్క. ఆమె మూడు రోజులకే వస్తోంది. నా సెల్స్ నేననుకున్నదానికన్నా దరిద్రంగా ఉన్నాయని తెగ సంతోషించాను.

"ఇంక మీకీ బాధ ఉండదులెండి," అంది. "సోలార్ పెట్టిస్తున్నా. మా నర్సరీ ఆఫీసు మీద ప్యానెళ్లు బిగిస్తున్న అతను చిన్నదొకటి ఇస్తానన్నాడు. ఎండకి దానంతటదే ఛార్జ్ అవుతుందట."

"ఎవరతను?"

"పొడుగ్గా ఉంటాడు. నల్ల కళ్లద్దాలు. భలే నవ్విస్తాడు."

భలే నవ్విస్తాడట! నేను జోకేస్తే మాత్రం గోడ గడియారం వంక చూస్తుంది.

"వానాకాలంలో సోలారా? పనిచేసినట్టే!"

"మబ్బున్నా కొంచెం వస్తుందట."

"అట, అట! ఆయన చెప్పిందే వేదమా?"

"మీకెందుకండీ అంత మంట?"

"మంటా? నాకా? సోల్డరింగ్ పొగ ఘాటు, అంతే."

"సోల్డరింగ్ ఆపేసి గంటైందిరా," అంది కౌంటర్లో కూర్చున్న మా అక్క. తోడబుట్టినవాళ్లే శత్రువులు.

మూడో రోజు ఆమె రాలేదు. నాలుగో రోజూ రాలేదు. నాకు తిండి సయించలేదు. ఐదో రోజు వచ్చింది, వెనకే నల్ల కళ్లద్దాలవాడు. నిజంగానే పొడుగు, పాపిష్టివాడు.

"బ్రదర్," అన్నాడు వాడు, "ప్యానెల్ పెట్టినా ఇది నిలబడట్లేదు. పది నిమిషాలకోసారి లేచి, తేమ కొలిచి, మళ్లీ నిద్రపోవాలి కదా? ఇది అస్సలు నిద్రపోదు. ప్రోగ్రాంలో నిద్రపుచ్చే లైను ఎవరో తీసేశారు. ఇరవైనాలుగు గంటలూ మేలుకుంటే ఏ బ్యాటరీ ఆగుతుంది?"

ఆమె వైపు చూశాను. ఆమె నేల వైపు చూస్తోంది.

"మొదట్నుంచీ లేదా ఆ లైను?"

"ఉండేది," అంది మెల్లగా. "మొదటిసారి బ్యాటరీ వారం ఆగింది. వారమంటే మరీ ఎక్కువనిపించి... తీసేశా."

"మరి సోలార్ ఎందుకు?"

"మీరు వద్దంటారేమోనని చూశా! మీరేమో మబ్బుల గురించి మాట్లాడారు!"

డ్రాయర్ తెరిచి కొత్త సెల్స్ ఆమె ముందు పెట్టాను. "నాదీ తప్పుంది. మీకిచ్చినవి పాతవి. ఇవి మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉన్నాయి."

"అంటే మూడు రోజులకోసారి నన్ను వానలో నడిపించారా?"

"వారానికోసారే నడిపించాను. మిగతాది మీరే."

వాడు కళ్లద్దాలు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మధ్యలో నన్నెందుకండీ నిచ్చెన ఎక్కించారు?"

ఆమె పకపకా నవ్వింది. అంత జరిగాక కూడా, వాడి మాటకి నవ్విందని నాకు మండింది.

"కొత్తవి వెయ్యరా మొద్దూ," అంది అక్క. "మంచి పిల్ల. ఇంకా ఎన్నాళ్లు ఏడిపిస్తావ్?"

కొత్త సెల్స్ వేశాను. ఆమె ఆ లైను మళ్లీ రాసింది. ప్యానెల్ తగిలించి ఇచ్చాను.

"ఇంక దీనికి నాతో పనే లేదు," అన్నాను దిగులుగా. "రేపేం చెప్పి వస్తారు?"

ఆమె గొడుగు తెరుస్తూ ఆగింది.

"మిమ్మల్ని చూడాలనిపించిందని చెప్పి వస్తాను," అంది.